అయస్కాంతం ఒక్కటే బొమ్మ తీయదు

ఎమ్మారై యంత్రాన్ని తూచడానికి మన దగ్గర చలామణిలో ఉన్న తూకం ఒక్కటే: టెస్లా. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో డయాగ్నస్టిక్ సెంటర్ల బోర్డుల మీద ‘3 టెస్లా’ అన్న మాట పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. పరిశోధన రంగంలోనూ తీరు వేరుగా లేదు. 7 టెస్లా వచ్చాక 3 టెస్లా పాతబడిందని, 10.5, 11.7 వచ్చాక 7 కూడా పాతబడిపోతుందని వార్తలు రాస్తారు. దీని వెనకున్న నమ్మకం ఏమిటంటే, అయస్కాంతం ఎంత బలమైనదైతే మెదడు బొమ్మ అంత బాగా వస్తుందని. తలకు తొడిగే కాయిల్ యంత్రంతో పాటు వచ్చే సామగ్రిలో ఒకటని. ఈ నమ్మకాన్ని నేను ఒప్పుకోను. ఇందులో నిజం లేకపోలేదు. సగం నిజాన్ని మొత్తంగా చెలామణి చేయడం దగ్గరే తప్పు ఉంది. అయస్కాంతం ఇచ్చేది అవకాశం. అందులో ఎంత భాగం బొమ్మలోకి దిగుతుందో, మెదడులో ఏ మూలకు దిగుతుందో, ఏ మూల చీకట్లో మిగిలిపోతుందో తేల్చేది రేడియో తరంగాలను పంపి పట్టుకునే కాయిల్. క్షేత్రం పెరిగేకొద్దీ దాని బాధ్యత బరువెక్కుతుందే తప్ప తేలికవదు.

ముందు పని తీరు చూద్దాం. మెదడులోని నీటిలో ఉండే హైడ్రోజన్ ప్రోటాన్లు అయస్కాంత క్షేత్రంలో ఒక నిర్ణీత వేగంతో గిరగిరా తిరుగుతుంటాయి. ఆ వేగం ఒక్కో టెస్లాకు 42.58 మెగాహెర్ట్జ్. 1.5 టెస్లా దగ్గర అది దాదాపు 64, 3 టెస్లా దగ్గర 128, 7 టెస్లా దగ్గర 298 మెగాహెర్ట్జ్ అవుతుంది. సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీలో రేడియో తరంగాన్ని పంపితే ప్రోటాన్లు ఒరుగుతాయి. పంపడం ఆపాక అవి తిరిగి వెలువరించే బలహీనమైన సంకేతాన్ని పట్టుకుంటే అది బొమ్మవుతుంది. పంపేది ఒక కాయిల్, పట్టుకునేది ఒక కాయిల్. కొన్నిసార్లు రెండూ ఒకటే. రాగి పట్టీలు, కెపాసిటర్లు, డయోడ్లు, చిన్న యాంప్లిఫయర్లు, కేబుళ్లు, చూడటానికి అంతే. కానీ ప్రోటాన్లకూ కంప్యూటరుకూ మధ్య వేరే దారి లేదు. బావిలో నీళ్లు ఎంత పైకి ఊరినా చేదకు చిల్లుంటే ఇంటికి చేరేది తక్కువే.

రొద సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే బొమ్మ నాణ్యత సంకేతం ఒక్కదానితో తేలదు, సంకేతానికీ రొదకూ ఉన్న నిష్పత్తితో తేలుతుంది. ఈ స్థాయి క్షేత్రాల్లో, చక్కగా చేసిన కాయిల్‌లో రొద ఎక్కువగా రోగి శరీరం నుంచే వస్తుంది: శరీర ద్రవాల్లోని అయాన్లు వేడికి అటూ ఇటూ కదలడం వల్ల. పెద్ద కాయిల్ తల మొత్తాన్నీ చూస్తుంది కాబట్టి తల మొత్తపు రొదనూ మోసుకొస్తుంది. చిన్న కాయిల్ తన కిందున్న కాస్త మేరనే చూస్తుంది, ఆ మేర రొదనే తెస్తుంది. మరి చిన్నవాటిని చాలా పేర్చి తలంతా కప్పితే? పక్కపక్కన పెట్టిన లూపులు ఒకదాని కరెంటును మరొకటి లాక్కుంటాయి, శ్రుతి చెడిపోతుంది. 1990లో రోమర్, ఆయన సహచరులు జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయంలో దీనికి దారి చూపారు. పక్క లూపులను తగినంత మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి పరస్పర ప్రేరణను రద్దు చేశారు. మిగిలిన దూరపు లూపుల సంగతిని ప్రత్యేకంగా రూపొందించిన ప్రీయాంప్లిఫయర్లకు అప్పగించారు. అంతకు ఐదేళ్ల ముందు, 1985లో, అదే కంపెనీలో సెసిల్ హేస్ బృందం పంజరం ఆకారంలో చేసిన బర్డ్‌కేజ్ కాయిల్ 1.5 టెస్లా దగ్గర సమానంగా పరుచుకునే రేడియో క్షేత్రాన్ని ఇచ్చింది. ఆ రెండు ఆవిష్కరణలూ లేకపోతే ఈనాటి ఏ స్కానరూ ఈ రూపంలో ఉండేది కాదు. రెండూ కాయిల్‌కు సంబంధించినవే.

ఇప్పుడు అసలు సాక్ష్యానికి వస్తాను. 1.5 నుంచి 3 టెస్లాకు మారితే సంకేతం–రొద నిష్పత్తి స్థూలంగా రెట్టింపవుతుంది. ఆ రెట్టింపు కోసం ఆస్పత్రులు కోట్ల రూపాయల తేడా భరిస్తాయి. 2006లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో గ్రాహం విగ్గిన్స్, లారెన్స్ వాల్డ్ బృందం 3 టెస్లా స్కానర్ మీద 32 లూపులను ఫుట్‌బాల్ మీది అతుకుల మాదిరిగా తలకు దగ్గరగా అమర్చింది. అప్పటి వాణిజ్య 8 ఛానెళ్ల (లూపుల) కాయిల్‌తో పోల్చారు. మెదడు పైపొర కార్టెక్స్‌లో నిష్పత్తి 3.5 రెట్ల వరకూ పెరిగింది. మెదడు లోతున, కార్పస్ కెలోసమ్ దగ్గర 1.4 రెట్లు. అయస్కాంతం మారలేదు, గది మారలేదు. మారింది తలకు తొడిగిన హెల్మెట్ ఒక్కటే. నిష్పత్తి 3.5 రెట్లు పెరగడమంటే, అదే నాణ్యతను పాత కాయిల్‌తో పదే పదే స్కాన్ చేసి సగటు తీసి రాబట్టాలంటే 12 రెట్ల సమయం పడుతుందన్నమాట, ఎందుకంటే సగటుతో లాభం సమయపు వర్గమూలం మేరకే పెరుగుతుంది. ఏ రోగీ అంతసేపు కదలకుండా పడుకోలేడు. కార్టెక్స్ విషయంలో ఆ ఒక్క కాయిల్ తెచ్చిన తేడా, టెస్లా రెట్టింపవడం వల్ల వచ్చే తేడాను మించింది. దీన్ని పక్కన పెట్టి టెస్లా అంకెనే చదివేవాళ్లు ఏ లెక్కతో చదువుతున్నారో నాకు అర్థం కాదు.

బలమైన క్షేత్రాల్లో, అంటే హైఫీల్డ్‌లో, కథ మరింత గట్టిపడుతుంది. 64 మెగాహెర్ట్జ్ తరంగానికి గాలిలో నాలుగున్నర మీటర్లకు పైగా పొడవుంటుంది. మెదడులో, నీటి గుణం వల్ల, అది సుమారు అర మీటరుకు కుదించుకుపోతుంది. అయినా తల కన్నా పెద్దదే, కాబట్టి తలంతటా ఒకే తీరుగా పరుచుకుంటుంది. 3 టెస్లా దగ్గర అది పాతిక సెంటీమీటర్ల చిల్లరకు దిగుతుంది. 7 టెస్లా దగ్గర 12, 13 సెంటీమీటర్లే. తల అంతకన్నా పెద్దది. అప్పుడు కాయిల్ వేర్వేరు వైపుల నుంచి వచ్చిన తరంగాలు మెదడు నడుమ ఒకదానికొకటి తోడై, అంచుల్లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మెదడు నడిమి భాగం వెలుగుతుంది, చెవుల పక్కన టెంపొరల్ లోబులు, వెనక కింద చిన్నమెదడు మసకబారతాయి. 1.5 టెస్లాలో సాఫీగా పనిచేసిన బర్డ్‌కేజ్ నియమమే 7 టెస్లాలో ఈ చీకటిని తెచ్చిపెడుతుంది. పైగా 1.5, 3 టెస్లా యంత్రాల్లో శరీరం మొత్తానికీ తరంగం పంపే పెద్ద కాయిల్ సొరంగం గోడల్లోనే ఉంటుంది. మామూలు 7 టెస్లా యంత్రంలో ఆ వసతి ఉండదు. తలకు తొడిగిన కాయిలే పంపాలి, అదే పట్టుకోవాలి. టెంపొరల్ లోబు అంటే హిప్పోక్యాంపస్ ఉండే చోటు. మందులకు లొంగని మూర్ఛ ఉన్న ఎంతోమందిలో శస్త్రవైద్యుడు వెతికే మచ్చ అక్కడే ఉంటుంది. ఎక్కువ టెస్లా కొన్న ఆస్పత్రి సరిగ్గా ఆ చోటే మసక బొమ్మ తెచ్చుకుంటే ఆ టెస్లా ఎవరికి ఉపయోగపడినట్టు?

దీనికి భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు ఒక బలమైన అభ్యంతరం చెబుతారు. ట్యూబింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో రోల్ఫ్ పోమాన్ బృందం 2016లో 3, 7, 9.4 టెస్లాలను పోల్చి, సంకేతం–రొద నిష్పత్తి క్షేత్రంతో సమానంగా కాక 1.65 ఘాతంతో పెరుగుతోందని చూపింది. ఆ లెక్కన 3 నుంచి 7కు వెళ్తే దాదాపు నాలుగు రెట్లు. అయస్కాంతమే నిర్ణయిస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి అంటారు. ఈ కొలతను నేను గౌరవిస్తాను. కానీ అది అయస్కాంతాలను ఒంటరిగా కొలిచింది కాదు. ఆ వ్యాసం శీర్షికలోనే, అప్పటి రిసీవ్ కాయిల్ అమరికలతో చేసిన కొలత అని స్పష్టంగా ఉంది. ఒక్కో క్షేత్రానికీ దానికి తగ్గట్టు కట్టిన కాయిల్ ఉంది కాబట్టే ఆ నాలుగు రెట్లు కనిపించాయి. న్యూయార్క్‌లో రికార్డో లట్టాంజీ, డేనియల్ సోడిక్సన్ 2012లో ఆదర్శ కాయిల్‌లో కరెంటు ఏ రూపంలో పారాలో లెక్కగట్టారు. తక్కువ క్షేత్రంలో తల నడుమ నుంచి సంకేతం రాబట్టడానికి లూపులు చాలు. క్షేత్రం పెరిగేకొద్దీ లూపులు ఒక్కటే చాలవు. యాంటెనాల్లోలా నిటారుగా పారే, డైపోల్ తీరు కరెంటు కూడా కావాలి. అంటే హైఫీల్డ్ ఇస్తానన్న అదనపు లాభం కాయిల్ జాతి మారితే గాని పూర్తిగా చేతికి రాదు. పైగా క్షేత్రం పెరిగితే ప్రోటాన్లు కోలుకునే టీ1 కాలం పొడవవుతుంది, సంకేతం నిలిచే టీ2 స్టార్ కాలం పొట్టిదవుతుంది. మామూలు స్కానుల్లో ఆ లాభంలో కొంత అక్కడే కరిగిపోతుంది.

మరో అభ్యంతరం సాఫ్ట్‌వేర్ పక్షం నుంచి వస్తుంది. వెలుగునీడల తేడాను కంప్యూటర్ సరిచేస్తుంది, ఇప్పుడు కృత్రిమ మేధ రొదను కూడా తుడిచేస్తుంది, ఇక కాయిల్ గొడవెందుకు అని. ఇక్కడ రెండు వేర్వేరు లోపాలను ఒకటిగా కలిపేస్తున్నారు. పట్టుకునే కాయిల్ దగ్గరి చోటును ప్రకాశవంతంగా, దూరాన్ని మసకగా చూపితే దాన్ని లెక్కతో సమం చేయవచ్చు, నిజమే. అయినా మసక చోట ఉన్న రొద కూడా దానితో పాటే పెద్దదవుతుంది. పంపే కాయిల్ లోపం వేరు. 90 డిగ్రీలు ఒరగాల్సిన ప్రోటాన్లు 45 డిగ్రీలే ఒరిగితే, తలకిందులు కావాల్సినవి సగమే తిరిగితే, బూడిదరంగు పదార్థానికీ తెల్ల పదార్థానికీ మధ్య ఉండాల్సిన తేడా ఆ చోట పుట్టనే పుట్టదు. పుట్టని తేడాను వెలుగు పెంచి రాబట్టలేం. వేలాది బొమ్మలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాం అక్కడ ఏదో ఒకటి గీస్తుంది, అది సాధారణంగా అక్కడ ఉండాల్సిన రూపమే గీస్తుంది. మూర్ఛ రోగి తలలో మనం వెతికేది సాధారణంగా లేని రూపాన్ని. కార్టెక్స్ ఒక మడతలో కొంచెం దళసరిగా ఉండటం, హిప్పోక్యాంపస్ ఒకవైపు కొంచెం కుంచించుకుపోవడం. వైద్యం ఏమిటన్నది ఇలాంటి చిన్న తేడాల మీదే ఆధారపడుతుంది. అక్కడ ఊహకు చోటివ్వడం ప్రమాదం.

అయితే శక్తి పెంచి పంపండి, చీకటి మూలకూ అందుతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. ఒరిగే కోణం రెట్టింపు కావాలంటే రేడియో శక్తి నాలుగింతలు కావాలి. ఆ శక్తి తలలో వేడిగా మారుతుంది. అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ప్రకారం తల మొత్తం మీద సగటున కిలోకు 3.2 వాట్లు దాటకూడదు, ఏ ఒక్క చోటా కిలోకు 10 వాట్లు దాటకూడదు. రెండూ ఆరు నిమిషాల సగటు మీద లెక్క. చీకటి మూల కోసం మొత్తం శక్తి పెంచితే తలలో వేడి ఆ హద్దులను దాటిపోవచ్చు. దీనికి సరైన జవాబు కాయిల్‌ను విడదీయడం: ఒక్క పంజరానికి బదులు ఎనిమిదో పదహారో స్వతంత్ర మూలకాలు, ఒక్కోదానికి వేరే బలం, వేరే కాలం. అప్పుడు తరంగాలు ఎక్కడ తోడవ్వాలో ఎక్కడ రద్దు కావాలో మనం నిర్ణయించవచ్చు. ఉల్రిఖ్ కాట్షర్ బృందం 2003లో, యుదోంగ్ ఝు 2004లో ఈ సమాంతర ప్రసారానికి పునాది వేశారు. కానీ ఇక్కడే డిజైనర్‌కు గట్టి పరీక్ష. అన్ని మూలకాలూ వేర్వేరుగా పనిచేస్తున్నప్పుడు వేడి ఎక్కడ పోగవుతుందో బతికున్న మనిషి తలలో నేరుగా కొలవలేం. జ్యూరిక్‌లోని ఇటిస్ ఫౌండేషన్ తయారుచేసిన ‘డ్యూక్’, ‘ఎల్లా’ వంటి కంప్యూటర్ మనుషుల మీద లెక్క కట్టాలి, ఫాంటమ్ అనే కృత్రిమ తల మీద సరిచూడాలి, మిగిలిన అనుమానానికి భద్రతా మార్జిన్ వదలాలి. కాయిల్ నమూనా ఎంత కచ్చితంగా ఉంటే మార్జిన్ అంత తగ్గుతుంది, రోగికి అంత మంచి బొమ్మ వస్తుంది. ఇది అయస్కాంతం కొన్నందుకు ఉచితంగా వచ్చేది కాదు.

ఫ్రాన్స్‌లోని సాక్లేలో ఉన్న ఇజ్యూల్ట్ యంత్రం దీనికి అతిపెద్ద ఉదాహరణ. 132 టన్నుల అయస్కాంతం, 182 కిలోమీటర్ల సూపర్‌కండక్టింగ్ తీగ, 1.8 కెల్విన్‌కు చల్లబరిచిన హీలియం. 2019లో 11.7 టెస్లా అందుకుంది. 2021లో గుమ్మడికాయను స్కాన్ చేశారు. మనుషుల మెదడు బొమ్మలు 2024 ఏప్రిల్‌లో గాని వెలువడలేదు. ఆ ఐదేళ్లూ కాయిల్ కోసమే పట్టాయని నేననను. అనుమతులు, భద్రతా పరీక్షలు, ఇతర భాగాల పని కూడా ఉన్నాయి. కానీ 500 మెగాహెర్ట్జ్ దగ్గర మెదడులో తరంగం పొడవు ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లే. సమాంతర ప్రసార కాయిల్, దాని కోసం అక్కడే ఏళ్ల తరబడి మలిచిన, తరంగాన్ని సమంగా పరిచే కేటీ పాయింట్స్ పల్సులు లేకుండా ఆ క్షేత్రంలో మెదడంతటా సమానమైన బొమ్మ రాదు. నాలుగు నిమిషాల్లో ఒక్కో స్లైసులో 0.2 మిల్లీమీటర్ల వివరం అని పత్రికలు గొప్పగా రాశాయి. ఆ గొప్పను టెస్లా ఖాతాలోనే జమ చేశాయి. కాలిఫోర్నియాలోని బర్క్లీలో డేవిడ్ ఫైన్‌బర్గ్ బృందం 2023లో చూపింది దీనికి అద్దం పట్టేది: క్షేత్రం 7 టెస్లాయే. 16 ఛానెళ్ల ప్రసారం, 64, 96 ఛానెళ్ల రిసీవ్ కాయిళ్లు, సంకేతం ఏ చోటిదో గుర్తించడానికి వాడే గ్రేడియెంట్ కాయిల్, అదీ తలకు మాత్రమే పనిచేసే బలమైనది; మెదడు పనితీరు బొమ్మలు 0.35 నుంచి 0.45 మిల్లీమీటర్ల వివరానికి దిగాయి. గ్రేడియెంట్ వాటా పెద్దదే, దాన్ని తగ్గించి చెప్పను. అయస్కాంతం వాటా మాత్రం అక్కడ కొత్తగా ఏమీ లేదు.

ఇంత చెప్పాక ఎవరైనా టెస్లా అంకె తీసేసి ఆ చోట ఛానెళ్ల అంకె రాస్తే నా వాదన చెడిపోతుంది. 2009లో విగ్గిన్స్ బృందమే 3 టెస్లాకు 96 ఛానెళ్ల కాయిల్ కట్టింది. 32తో పోలిస్తే కార్టెక్స్‌లో లాభం స్పష్టంగా వచ్చింది. తల నడుమ దాదాపు తేడా లేదు. లూపు చిన్నదైతే లోతుకు చూపు ఆనదు, పైగా రాగి, కెపాసిటర్ల సొంత రొద శరీరపు రొదకు పోటీ వస్తుంది. మెదడు లోతున నిర్మాణాలను చూడాలా, పైపొర చూడాలా, చిన్నమెదడు చూడాలా అన్నదాన్ని బట్టి కాయిల్ మారాలి. తల పరిమాణాన్ని బట్టీ మారాలి: పెద్దల హెల్మెట్‌లో పసిపిల్ల తల పెడితే లూపులకూ మెదడుకూ మధ్య ఖాళీ మిగులుతుంది, సంకేతం ఆ ఖాళీలో పోతుంది. బోరిస్ కైల్ బృందం 2011లో నవజాత శిశువు నుంచి ఏడేళ్ల పిల్లల దాకా వయసు వారీగా 32 ఛానెళ్ల కాయిళ్లు కట్టి ఆ లాభాన్ని చూపింది. ఖర్చు తక్కువ మార్గాలు కూడా ఉన్నాయి. లైడెన్‌లో ఆండ్రూ వెబ్ బృందం కాల్షియం టైటనేట్, బేరియం టైటనేట్ ముద్దను పలచని ప్యాడ్లలో నింపి చెవుల పక్కన పెట్టి, 7 టెస్లాలో టెంపొరల్ లోబు, చిన్నమెదడు చీకటిని చాలా మేర తగ్గించింది. ఆ పదార్థాలు అరుదైనవి కావు, చల్లబరిచే క్రయోస్టాట్ అక్కర్లేదు. తరంగం ఎలా నడుస్తుందో తెలిస్తే చాలు.

చివరి అభ్యంతరం మన దగ్గరిది: మన ఆస్పత్రుల్లో ఉన్నవి 1.5, 3 టెస్లా యంత్రాలు, 7 టెస్లా కాయిళ్ల గొడవ మనకెందుకు. పైగా కాయిల్ కంపెనీ ఇచ్చేదే కదా, ఎంచుకునేదేముంది. ఎంచుకునేది ఉంది. ఒకే మోడల్ స్కానర్‌కు తల కాయిళ్లు వేర్వేరు ఛానెళ్లతో అమ్ముతారు, పిల్లల కాయిల్ విడిగా దొరుకుతుంది. బేరంలో మొదట తెగ్గోసేది వీటినే. 2006 నాటి ఆ 3.5 రెట్లు వచ్చింది 3 టెస్లాలోనే అని మరిచిపోవద్దు. ఇక తయారీ సంగతి. ముంబయిలోని సమీర్ సంస్థ స్వదేశీ 1.5 టెస్లా స్కానర్ మీద పనిచేస్తోంది. సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం కట్టడం కొద్ది దేశాలకే సాధ్యమైన పని. కాయిల్‌కు రాగి, కెపాసిటర్లు, నెట్‌వర్క్ ఎనలైజర్, విద్యుదయస్కాంత సిమ్యులేషన్, ఓపికున్న ఇంజనీర్లు కావాలి. యాంటెనా విద్య హైదరాబాద్‌కు కొత్త కాదు; చంద్రయాన్-1తో మాట్లాడటానికి బైలాలులో నిలిపిన 32 మీటర్ల యాంటెనాను కట్టింది ఇక్కడి ఈసీఐఎల్. ఆ విద్యను మెదడు బొమ్మల వైపు తిప్పడానికి అయస్కాంతం కోసం ఎదురుచూడక్కర్లేదు.

స్కానర్ కొనే ఆస్పత్రులకు, టెండర్లు రాసే వైద్య విద్యా శాఖలకు నేను అడిగేది ఇదే. టెస్లా కింద మరో వరుస చేర్చండి: తల కాయిల్‌తో కొలిచిన సంకేతం–రొద పటం, టెంపొరల్ లోబులు, చిన్నమెదడు దాకా పంపే తరంగం ఎంత సమానంగా అందుతుందో చూపే పటం, పిల్లల తలకు సరిపడే కాయిల్ ఉందా లేదా. కొన్నాక ప్రతి కాయిల్‌లో ఒక్కో మూలకాన్నీ ఫాంటమ్ మీద క్రమం తప్పకుండా విడిగా పరీక్షించండి, ఎందుకంటే ముప్పై రెండింటిలో ఒకటి చచ్చిపోయినా బొమ్మ పైకి మామూలుగానే కనిపించవచ్చు. ఆ రెండు పటాలనూ, పిల్లల కాయిల్‌నూ చూపలేని కంపెనీ చెప్పే టెస్లా అంకెకు డబ్బు కట్టకండి.